ఇంట్లో కుందేలును పెంచుకోవడం: మన ఎండల్లో, మన ఇళ్ళలో

మా మొదటి కుందేలు పేరు దూది. ఓ ఆదివారం సాయంత్రం గడ్డి ముట్టలేదు. మూలన ముడుచుకుని కూర్చుంది. "ఎండకి నీరసపడిందేమో, పొద్దున్నే చూద్దాంలే" అనుకున్నాం. తెల్లారేసరికి దూది లేదు. అది జరిగి ఏడేళ్ళు. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి, పశువైద్యుల్ని అడిగి, ఇప్పుడు మా ఇంట్లో తిరుగుతున్న రెండు కుందేళ్ళను రోజూ గమనిస్తూ నేర్చుకున్న అసలు సంగతి ఒక్కటే: కుందేలు ప్రాణం దాని పేగుల్లో ఉంటుంది. పేగులు కదులుతున్నంతసేపూ గెంతుతుంది. ఆగిపోతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. తిండి, చోటు, ఎండ, భయం, ఏ సంగతి ఎత్తుకున్నా చివరికి అక్కడికే వచ్చి చేరుతుంది కాబట్టి ఈ మార్గదర్శి అంతా ఆ దారినే నడుస్తుంది.

1. తెచ్చుకునే ముందు

బాగా చూసుకుంటే ఇంటి కుందేలు 8 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు ఐదో తరగతి చదివే పిల్లవాడు ఇంజనీరింగ్ పూర్తిచేసేదాకా అన్నమాట. పుట్టినరోజు కానుకగా కొనేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి. పిల్లలు ఆడుకుంటారు, కానీ చాకిరీ పెద్దవాళ్ళదే.

పొలంలోనో చెరువు గట్టునో దొరికిన చెవులపిల్లిని మాత్రం ఇంటికి తేవద్దు. మన అడవి కుందేలు, ఇంట్లో పెంచుకునే కుందేలు వేర్వేరు జాతులు. ఇంటి కుందేలు మూలం ఐరోపా. అడవి కుందేలును పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా అది మనిషి దగ్గర భయంతోనే చచ్చిపోతుంది.

దుకాణంలో "ఇది ఇంతే ఉంటుందండీ, పెరగదు" అంటారు. నమ్మకండి. మన దగ్గర ఎక్కువగా అమ్మే తెల్లబొచ్చు, ఎర్రకళ్ళ పిల్లలు న్యూజిలాండ్ వైట్ రకానివో దాని సంకరాలో. మాంసం కోసం పెంచే ఫారాల నుంచి వచ్చేవి. ఎదిగితే 3, 4 కిలోలు తూగుతాయి. తల్లిని వదలడానికి కనీసం ఎనిమిది వారాలు నిండాలి. అరచేతిలో ఇమిడేంత చిన్న పిల్ల ముద్దుగానే ఉంటుంది గానీ, దాని పేగులు ఇంకా గట్టిపడి ఉండవు. కొత్త ఇంటికి వచ్చిన వారంలోనే విరేచనాలతో పోయే పిల్లల్లో ఎక్కువ ఇలాంటివే.

కొనేటప్పుడు నాలుగు చోట్ల చూడండి. ముక్కు పొడిగా ఉందా? ముందుకాళ్ళ లోపలి బొచ్చు అట్టకట్టి ఉంటే ముక్కు తుడుచుకుంటోందని, అంటే జలుబు ఉందని అర్థం. చెవుల లోపల గోధుమరంగు పొక్కులుంటే గజ్జి పురుగు. తోక కింద శుభ్రంగా ఉండాలి. పైపెదవి మెల్లగా ఎత్తితే పై పళ్ళు కింది పళ్ళ మీదికి కాస్త ముందుకు రావాలి. ఆడా మగా అన్నది దుకాణంవాళ్ళ మాట మీద వదిలేయకుండా డాక్టరుతో చూపించుకోండి. "రెండూ ఆడవే" అని కొన్న జంట మూడు నెలలకు ఆరుగురిని కనడం నేను చూశాను.

2. చోటు

పంజరంలో బతికే జంతువు కాదిది. బ్రిటన్‌లో కుందేళ్ళ సంక్షేమ సంఘాలు రెండు కుందేళ్ళకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు కావాలంటాయి. మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో అంత కష్టమే. హాల్లో ఓ మూలకు మడతపెట్టే ఇనుప కంచె కట్టి, పొద్దున, సాయంత్రం రెండేసి గంటలు ఇంట్లో వదిలితే సరిపోతుంది. కుందేలు సహజంగా చురుగ్గా ఉండేది కూడా తెల్లవారుజామున, సందెవేళ. మధ్యాహ్నం పడుకుంటుంది, లేపకండి.

తీగల నేల ఉన్న బోను వద్దు. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు దీని పాదాలకు మెత్తలుండవు, ఉట్టి బొచ్చే. తీగల మీద నెలల తరబడి నిలబడితే మడమలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీదా నడవలేదు, కాళ్ళు జారి తుంటి పట్టేస్తుంది. నూలు జంపఖానా పరవండి. దాన్ని కొరికి మింగుతుంటే మాత్రం వెంటనే తీసేయండి.

దాక్కునే చోటు తప్పనిసరి. ఓ అట్టపెట్టెకు రెండు వైపులా గుమ్మాలు కోసి బోర్లిస్తే చాలు. ఒకే గుమ్మం ఉంటే లోపల ఇరుక్కుపోయాననుకుంటుంది. కుందేలు వేటకు గురయ్యే జంతువు. పారిపోయే దారి కళ్ళముందు ఉంటేనే దానికి మనశ్శాంతి.

కరెంటు తీగలన్నీ పైపుల్లోకి దూర్చండి, లేదా రెండడుగుల ఎత్తుకు కట్టేయండి. ఛార్జర్ వైరు దానికి చెట్టు వేరులాగే కనిపిస్తుంది. దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి పొగ అది ఉన్న గదిలో వద్దు. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, నోటితో పీల్చే స్థితి వచ్చిందంటే ప్రమాదంలో ఉన్నట్టే. నేల తుడవడానికి ఘాటైన ఫినాయిల్ కూడా వాడకండి. మూత్రం మరకలు సున్నంలా తెల్లగా గట్టిపడతాయి, నీళ్ళు కలిపిన వెనిగర్ పోస్తే పోతాయి.

మరుగు అలవాటు సులువే. అది ఎంచుకున్న మూలలోనే ఓ వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టి, అడుగున నాలుగు మడతల న్యూస్‌పేపరు, పైన ఎండుగడ్డి వేయండి. కుందేళ్ళు తింటూ విసర్జిస్తాయి, గడ్డి అక్కడే ఉంటే ట్రే దిగవు. బయట పడ్డ పెంటికలు ఏరి ట్రేలో వేస్తుంటే వారం పది రోజుల్లో పట్టుబడుతుంది. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే మట్టి వాడొద్దు, నాకితే కడుపులో గడ్డకడుతుంది.

3. తిండి: అసలు విషయం ఇదే

కుందేలంటే క్యారెట్ అని మన మనసుల్లో ముద్రపడిపోయింది. ఎంత చెప్పినా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు వింటారు. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, అది దానికి మిఠాయి లాంటిది. వారానికి రెండు మూడు చిన్న చక్రాలు చాలు. కుందేలు తిండిలో నూటికి 80 వంతులు గడ్డే ఉండాలి.

ఎందుకంటే దానికి 28 పళ్ళుంటాయి, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా పెరగగలవు. పీచున్న గడ్డిని అటూ ఇటూ రుబ్బినట్టు నమిలితేనే దవడ పళ్ళు అరుగుతాయి. అరగకపోతే కొక్కేల్లా పెరిగి నాలుకను, బుగ్గను చీలుస్తాయి. నొప్పికి తిండి మానేస్తుంది, తిండి మానేస్తే పేగులు ఆగుతాయి. రెండో కారణం పేగులే. పొడుగాటి పీచు వాటిని నెడుతూ ఉంటుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది వెనకనుంచే రావాలి, నెట్టేది గడ్డే.

మన దగ్గర ఏ గడ్డి? ఆన్‌లైన్‌లో దొరికే తిమోతి మంచిదే, చల్లటి దేశాల్లో పెరిగేది కనక ఖరీదు. నేను గరిక నమ్ముకున్నాను. వినాయకుడికి పెట్టే గరికే. శుభ్రమైన చోట కోయించి, డాబా మీద నీడపట్టున రెండు మూడు రోజులు పల్చగా ఆరబెడితే ఆకుపచ్చ రంగు, తీపి వాసన పోకుండా ఎండుతుంది. నిటారు ఎండలో వేస్తే పచ్చదనం, సారం పోయి వట్టి పుల్లలు మిగులుతాయి. రోడ్డు పక్కన, కుక్కలు తిరిగేచోట, కలుపు మందు కొట్టిన గట్ల మీద కోసింది వద్దు. వర్షాకాలంలో బూజు వాసన వస్తే మొత్తం మోపు పారేయండి, పైపైన ఏరి పెట్టొద్దు. రోజుకు కుందేలు ఎంతుందో అంత గడ్డి కట్ట దాని ముందుండాలి. ఎప్పుడూ ఖాళీ కాకూడదు.

వరిగడ్డి పరుపుకు పనికొస్తుంది. సారం తక్కువ కాబట్టి దాన్నే తిండిగా పెట్టకండి. లేత పచ్చిజొన్నలో విషపదార్థం ఉంటుంది, పశువులకే పెట్టరు. సుబాబుల్ ఆకు మేకలకు వేస్తారు కదా అని దీనికి వేస్తే అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల బొచ్చు ఊడిపోతుంది. లూసర్న్ అనే పశుగ్రాసంలో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. ఆరు నెలల్లోపు పిల్లలకు మంచిది, పెద్దవాటికి రోజూ పెడితే మూత్రంలో ఇసుక చేరుతుంది.

ఆకుకూరలు కిలో బరువుకు ఓ కప్పు లెక్కన ఇవ్వండి. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు, కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకులు బాగుంటాయి. వీటిలో సగం కూరగాయల బండి దగ్గర పారేసేవే, అడిగితే ఇస్తారు. పాలకూర, తోటకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. ఎప్పుడైనా ఒక రెమ్మ ఇవ్వొచ్చు, రోజూ కాదు. బజారు ఆకుకూరల మీద మందుల అవశేషాలుంటాయి, రెండు మూడు నీళ్ళలో బాగా జాడించి ఆరనిచ్చాకే పెట్టండి. కొత్త ఆకు ఏదైనా మొదటిరోజు రెండు రెమ్మలే. మర్నాడు పెంటికలు మామూలుగా ఉంటే పెంచుకుంటూ పోవచ్చు.

గుళికల దాణా పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములకు మించొద్దు. రంగురంగుల గింజలు కలిపిన మిక్స్ కొనకండి, తీపి గింజలు ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. ఫారాల్లో తవుడు, వేరుశనగ చెక్క, నానబెట్టిన శనగలు పెడతారు. అక్కడి లెక్క మూడు నాలుగు నెలల్లో బరువు పెంచడం. మన లెక్క పదేళ్ళు బతికించడం. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు ఏవీ పెట్టకూడదు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా ఇది ముందే చెప్పండి, వాళ్ళు నొచ్చుకున్నా ఫరవాలేదు.

అసలే ముట్టనివ్వకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, అవకాడో, బంగాళాదుంప ఆకులు, మొలకలు, టమాటా ఆకులు. కుండీల్లో, పెరట్లో ఉండే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, లాంటానా, మనీ ప్లాంట్ దాని నోటికి అందకూడదు.

ఇంకొక్క సంగతి. కుందేలు తన వెనక్కి వంగి ఏదో తింటుంటే కంగారుపడకండి. పేగుల్లో పులిసిన తిండిని మెత్తటి చిన్న ద్రాక్షగుత్తిలా బయటికి తెచ్చి, నేరుగా నోట్లోకి తీసుకుని మళ్ళీ తింటుంది. బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి అందేది అలాగే. ఆపకూడదు. అవి తినకుండా తోకకు అంటుకుని ఉంటే మాత్రం దాణా ఎక్కువైందనో, ఒళ్ళొచ్చి వంగలేకపోతోందనో అర్థం.

4. నీళ్ళు

కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. బంతి ఉన్న సీసా కన్నా బరువైన పింగాణీ గిన్నె మేలు, తల వంచి సహజంగా తాగుతుంది. వేసవిలో మట్టి మూకుడు వాడితే నీళ్ళు చల్లగా ఉంటాయి.

5. ఎండాకాలం

విదేశీ పుస్తకాలు చలి గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. మన కష్టం అది కాదు. కుందేలుకు హాయిగా ఉండేది 15 నుంచి 21 డిగ్రీల మధ్య. 28 దాటితే జాగ్రత్త మొదలుపెట్టాలి. రామగుండం, రెంటచింతల వైపు 45 దాటే రోజులుంటాయి. దానికి చెమట పట్టదు, కుక్కలా రొప్పి చల్లబడలేదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి ప్రధానంగా చెవులే.

మార్చి వచ్చిందంటే బాల్కనీ మకాం ఎత్తేయాలి. ఇంట్లో అన్నింటికన్నా చల్లగా ఉండే గదిలోకి, పైఅంతస్తు అయితే ఉత్తరపు గదిలోకి మార్చండి. ఒక తాండూరు బండో, కడప బండో కిందపెట్టి ఉదయం తడిపి తుడిస్తే దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటుంది. లీటరు సీసాలు రెండు నీళ్ళతో గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఫ్రిజ్‌లో మరో రెండు సిద్ధంగా ఉంటే మార్చి మార్చి పెట్టొచ్చు. కరెంటు పోయే ఊళ్ళలో మమ్మల్ని కాపాడింది ఈ సీసాలే. కిటికీకి తడి గోనెసంచి కడితే రాయలసీమ, తెలంగాణల పొడి ఎండకు బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలే తడిగా ఉంటుంది కనక కూలరుతో పెద్దగా ఉపయోగం లేదు, అక్కడ ఏసీ 25 దగ్గర పెట్టడమే మేలు. ఫ్యాన్ ఒక్కటే నమ్ముకోవద్దు. చెమట లేని ఒంటికి వేడిగాలి తగిలితే చల్లబడదు. మామూలు రోజుల్లోలా ఆరనివ్వకుండా, ఎండాకాలంలో మాత్రం ఆకుకూరలను కడిగిన తడితోనే ఇవ్వండి, తిండి ఎక్కువ భాగం రాత్రికి మార్చండి.

చెవులు కాలిపోతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, గడ్డం తడిసి, పక్కకు ఒరిగిపోతే వడదెబ్బ. చల్లని నీళ్ళలో (ఐసు నీళ్ళలో కాదు) గుడ్డ ముంచి చెవులు, పాదాలు తుడవండి. బకెట్లో ముంచకండి, ఆ అదురుకే గుండె ఆగిపోవచ్చు. తుడుస్తూనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

6. ఎత్తుకోవడం, దాని భాష

చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో ఇంద్రజాలికుల పని. మీరు ఎప్పుడూ చేయొద్దు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి మీ ఒంటికి ఆనించుకోండి. దాని ఎముకలు తేలిక, వెనకకాళ్ళ కండలు బలం. గాల్లో తన్నుకుంటే తన వెన్ను తానే విరగ్గొట్టుకుంటుంది. అందుకే పిల్లలు నేలమీద కూర్చుని ఆడుకోవాలి, ఎత్తుకోకూడదు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, అది సుఖం కాదు, చచ్చినట్టు నటించే భయం.

దాని ముక్కుకు సూటిగా ఎదురుగా ఉన్నది దానికి కనబడదు. చెయ్యి పక్కనుంచి తీసుకెళ్ళి నుదురు నిమరండి. గాల్లో ఎగిరి మెలిక తిరిగితే పట్టలేని సంతోషం. గడ్డం వస్తువులకు రుద్దితే "ఇది నాది" అని. వెనక కాలు నేలకేసి దబ్బుమని కొడితే ప్రమాదం ఉందని హెచ్చరిక. నిమురుతుంటే పళ్ళు మెల్లగా కదిలితే హాయి. ముడుచుకుని కూర్చుని బిగ్గరగా పళ్ళు కొరికితే నొప్పి. ఈ చివరి తేడా మనసులో పెట్టుకోండి.

7. శుభ్రత

స్నానం చేయించకండి. తనను తాను నాక్కుంటుంది. వారానికోసారి, బొచ్చు రాలే రోజుల్లో రోజూ దువ్వండి, మింగిన బొచ్చు ఎండిన పేగుల్లో ఇరుక్కుంటుంది. గోళ్ళు నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి, ఎర్రటి నరం తగలకుండా కొసమాత్రమే. వర్షాకాలంలో తోక కింద రోజూ చూడండి. తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి ఒక్కరోజులో పురుగులు పడతాయి.

8. జత, ఆపరేషన్

ఒంటరి కుందేలు దిగులుపడుతుంది. కానీ ఆపరేషన్ లేని జంట అంటే లెక్కలేనన్ని పిల్లలు. నాలుగైదు నెలలకే ఎదుగుతాయి, చూలు 30 నుంచి 32 రోజులు, ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. ఆరు నెలల వయసు దాటాక ఇద్దరికీ ఆపరేషన్ చేయించండి. ఆడదానికి ఇది ప్రాణరక్షణ కూడా. చేయించని ఆడ కుందేళ్ళలో వయసు మళ్ళేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. మగదానికి చేయించాక కూడా నెల, నెలన్నర వేరుగా ఉంచాలి. ఆపరేషన్‌కు ముందు పస్తు ఉంచమని ఎవరైనా చెబితే, ఆ చోట కుందేళ్ళ అనుభవం తక్కువని గ్రహించండి. కుక్కలకు పస్తు కావాలి, కుందేలుకు చివరిదాకా గడ్డి ఉండాలి.

9. జబ్బులు, డాక్టరు

జబ్బు పడ్డాక కాదు, కుందేలును తెచ్చిన వారంలోనే దాన్ని చూడగల డాక్టరును వెతుక్కోండి. చాలా క్లినిక్‌లలో కుక్కలు, పిల్లులే చూస్తారు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడి ఆసుపత్రుల్లో వాకబు చేయొచ్చు. అమెరికా, బ్రిటన్‌లలో ఉండేవాళ్ళు ఆర్‌హెచ్‌డీ అనే ప్రాణాంతక వైరస్ టీకా గురించి అక్కడి వైద్యుల్ని అడగాలి.

రెండు మందుల పేర్లు తలుపు వెనక రాసి అంటించుకోండి. కుక్కల పేలకు, గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కుందేలును చంపుతుంది. నోటిద్వారా ఇచ్చే అమోక్సిసిలిన్ దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, దాంతోపాటు దాన్నీ తీసుకుపోతుంది. ఇంట్లో పిల్లల సిరప్ మిగిలిందని పోసే అలవాటు ఇక్కడ కుదరదు. చెవి గజ్జికి, చుండ్రులా రాలే పురుగుకు మంచి మందులున్నాయి, డాక్టరు బరువు చూసి ఇస్తారు. తల ఒకవైపు వాలిపోయినా, ముక్కునుంచి తెల్లగా కారినా ఆ రోజే చూపించండి. మూత్రం ఎర్రగా కనబడితే ముందు ఏ ఆకు పెట్టారో గుర్తు తెచ్చుకోండి, ఆకుల రంగు దిగడం మామూలే. ముక్కుతూ బొట్లుబొట్లుగా పోస్తే అది వేరు, ఆలస్యం చేయొద్దు.

ఇక దూదిని తీసుకుపోయిన జబ్బు: పేగులు ఆగిపోవడం. ఎండ, నొప్పి, భయం, గడ్డి తక్కువ కావడం, ఏదైనా కారణం కావొచ్చు. దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి మర్నాడు తిండి మానేసేవి ఎన్నో. ఆ రాత్రి లోపలి గదిలో, కిటికీలు మూసి, టీవీ చిన్నగా పెట్టి, పక్కన కూర్చోండి. మొదటి ఆనవాలు పెంటికల్లోనే దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉంటే శనగ గింజంత, గుండ్రంగా, చేత్తో నలిపితే గడ్డిపొడిలా రాలేవి రోజుకు రెండు వందలకు పైగా వేస్తుంది. అవి చిన్నబడినా, వంకరపోయినా, బొచ్చు దారంతో పూసల్లా గుచ్చినట్టు వచ్చినా గడ్డి, నీళ్ళు పెంచండి. పన్నెండు గంటలు తిండి గానీ పెంటికలు గానీ లేకపోతే అది అత్యవసరం, అర్ధరాత్రైనా సరే. పొట్ట డోలులా బిగిసి ఉంటే సిరంజితో ఏదీ పట్టకండి, లోపల అడ్డం పడి ఉండవచ్చు. వెచ్చగా చుట్టి తీసుకెళ్ళండి.

నేను రోజూ పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు దీనికే ఉంచుతాను. గడ్డి కట్ట తగ్గిందా, నీళ్ళు తగ్గాయా, ట్రేలో పెంటికలు ఎప్పటంత ఉన్నాయా చూస్తాను. తర్వాత ఒక్కొక్క దాని ముక్కు దగ్గర కొత్తిమీర రెమ్మ పెడతాను. రెండూ లాక్కుంటే లైటు ఆర్పేస్తాను. ఒక్కటి మొహం తిప్పుకున్నా బండి తాళాలు తీస్తాను.